నాళం ఎండిన చోట



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మేడమ్, మా గురువు, జీవితమంతా మైక్రోస్కోప్ ముందు గడిపారు. స్లైడ్ చేతికి వచ్చిందే తడవుగా మేం హై పవర్‌కి వెళ్లిపోయేవాళ్లం. ఆవిడ మాత్రం లో పవర్‌లో చాలాసేపు చూసేవారు. ముందు ఏది పోయిందో చూడండి, ఎందుకు పోయిందో తర్వాత వెతుకుదాం అనేవారు. నేను ఇవాళ ఎంచుకున్న విషయానికి ఆ పద్ధతే సరిపోతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో క్లోమం ఎలా పాడవుతుందన్నది నా విషయం. అక్కడ చచ్చిపోయే కణం ఒకటి, జబ్బు ఉన్న కణం వేరొకటి. రెండూ పక్కపక్కనే ఉంటాయి. అయినా ఒకదాని లోపం రెండోదాని ప్రాణం మీదికి ఎలా వస్తుందో తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి అర్ధ శతాబ్దం పట్టింది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనగానే ఇవాళ అందరికీ ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. ఆ రోగుల ప్రాణాలు తీసేది ఎక్కువగా ఊపిరితిత్తుల జబ్బే కాబట్టి అది సహజం. కానీ ఈ వ్యాధిని మొదట పట్టుకున్నది క్లోమంలోనే. రక్తం గ్రూపులను కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ 1905లోనే ఒక పసికందు గురించి రాశారు. ఆ బిడ్డ తొలి మలం గట్టిపడి పేగు మూసుకుపోయింది, క్లోమంలో మార్పులు కనిపించాయి. ఈ రెంటికీ సంబంధం ఉందని ఆయన గమనించారు. అసలు పని మాత్రం న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో డొరొతీ ఆండర్సన్ చేశారు. సీలియాక్ వ్యాధితో పోయిందని రాసి ఉన్న ఒక బిడ్డకు ఆవిడ పోస్ట్‌మార్టం చేశారు. క్లోమం ఉండవలసిన చోట పీచు కట్టిన కణజాలం, అందులో ఉబ్బిన తిత్తులు కనిపించాయి. ఇది సీలియాక్ కాదని ఆవిడకు అనుమానం వచ్చింది. పాత రికార్డులు తిరగేశారు, ప్రచురితమైన కేసులు వెతికారు, మొత్తం 49 కేసులు పోగుచేసి 1938లో ప్రచురించారు. తిన్నది ఒంటికి పట్టక చిక్కిపోయి, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లతో పోతున్న ఆ పిల్లలందరిదీ ఒకే ప్రత్యేకమైన జబ్బు అని తొలిసారి తేల్చి చెప్పిన వ్యాసం అది.

విటమిన్ ఎ లోపం వల్ల నాళాల లోపలి పొర చెడి ఇదంతా జరుగుతోందేమోనని ఆండర్సన్ భావించారు. ఆ పిల్లల్లో విటమిన్ ఎ తక్కువగా ఉన్న మాట నిజమే. కానీ కారణం వెనక ఉంది, కార్యం ముందు కనిపించింది. క్లోమరసం లేక కొవ్వు జీర్ణం కాదు. కొవ్వుతో కలిసి రావలసిన ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా శరీరానికి అందవు. ఆవిడ చూసినది సరైనది, దాన్ని వివరించడానికి కావలసిన శాస్త్రం అప్పటికి పుట్టలేదు. నా దృష్టిలో దీనివల్ల ఆవిడ గొప్పతనం ఏమాత్రం తగ్గదు.

ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న క్లోమం దగ్గరికి వద్దాం. పెద్దవాళ్లలో అది సుమారు 100 గ్రాముల బరువుండే అవయవం. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల రసం తయారుచేస్తుంది. తన బరువుకు పదిహేను రెట్లకు పైగా నీటిని ప్రతిరోజూ పేగులోకి వదిలే ఈ గ్రంథిని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ పనిలో రెండు రకాల కణాలు పాలుపంచుకుంటాయి. గుత్తులుగా అమరిన ఎసినార్ కణాలు ఎంజైములు తయారుచేస్తాయి. ప్రొటీన్లను విడగొట్టే ట్రిప్సిన్‌కు ముందు రూపమైన ట్రిప్సినోజెన్, కొవ్వును విడగొట్టే లైపేజ్, పిండి పదార్థాలను విడగొట్టే అమైలేజ్ మొదలైనవి. వీటిని చిన్న చిన్న రేణువులుగా మూటగట్టి, తిండి కడుపులో పడ్డాక నాళంలోకి వదులుతాయి. గ్రంథిలో ఎక్కువ భాగం ఈ కణాలే. రెండోవి నాళం లోపలివైపు పరుచుకున్న కణాలు. సంఖ్యలో తక్కువ, చూపుకు సాదాసీదా. ఒకప్పుడు వీటిని రసం వెళ్లే దారికి పరిచిన పొర అని మాత్రమే అనుకునేవారు. కానీ ఆ రసంలో నీరు, బైకార్బొనేట్ చాలావరకు వీటి నుంచి వచ్చేవే.

మన రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు సుమారు 25 మిల్లీమోల్స్ ఉంటుంది. మనిషి క్లోమరసంలో అది 140 దాకా చేరుతుంది. ఇంత గాఢత సాధించడం అల్లాటప్పా విషయం కాదు. జీర్ణాశయం నుంచి ఆమ్లం చిన్నపేగులోకి దిగగానే పేగు సెక్రెటిన్ అనే హార్మోన్ వదులుతుంది. 1902లో బేలిస్, స్టార్లింగ్ దాన్ని కనిపెట్టారు. సెక్రెటిన్ నాళ కణాన్ని తాకితే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. దాంతో కణం పైకప్పు మీద, అంటే నాళం ఖాళీ వైపు ఉన్న పొర మీద, ఒక ప్రొటీన్ తెరుచుకుంటుంది. దాని పేరు సీఎఫ్‌టీఆర్. దాని గుండా క్లోరైడ్ బయటికి వెళుతుంది. బయటికి వెళ్లిన క్లోరైడ్‌ను లోపలికి తీసుకుని, బదులుగా బైకార్బొనేట్‌ను బయటికి పంపే మార్పిడి ప్రొటీన్లు పక్కనే పనిచేస్తాయి. కణంలో క్లోరైడ్ బాగా తగ్గాక సీఎఫ్‌టీఆర్ తన గుండా నేరుగా బైకార్బొనేట్‌ను కూడా పోనిస్తుంది. ఈ అయాన్ల వెంట సోడియం, దాని వెంట నీరు నాళంలోకి చేరతాయి. ఎసినార్ కణాలు వదిలిన చిక్కటి ప్రొటీన్ ఈ నీటిలో పలచనై, క్షార గుణం గల ఈ రసంలో కరిగి, చెక్కుచెదరకుండా పేగుకు చేరుతుంది.

ఈ సీఎఫ్‌టీఆర్ జన్యువును 1989లో టొరంటోలో లాప్-చీ సుయి, జాన్ రియోర్డన్, మిచిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి కనిపెట్టాయి. అది ఏడో క్రోమోజోమ్ మీద ఉంది. ప్రొటీన్‌లో 1480 అమైనో ఆమ్లాలు. ఇది ఏటీపీని పట్టుకుని పనిచేసే పెద్ద ప్రొటీన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో ఎక్కువ ప్రొటీన్లు ఏటీపీ శక్తితో పదార్థాలను మోసేవి. సీఎఫ్‌టీఆర్ ఒక్కటే అయాన్లకు దారి తెరిచే ఛానెల్. రెండు ఏటీపీ అణువులు వచ్చి అతుక్కుంటే తెరుచుకుంటుంది, వాటిలో ఒకటి విడగొట్టబడితే మూసుకుంటుంది. ఇక్కడ ఒక పేరు తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. కండరం నుంచి ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో వేరుచేసిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సహచరుడు సైరస్ ఫిస్క్. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఆ ఫలితానికే చేరారు. నాళ కణం తన ద్వారాన్ని తెరిచే ప్రతిసారీ వాడుకునేది ఆ ఏటీపీనే.

ఇక లోపం సంగతి. ఈ జన్యువులో ఇప్పటిదాకా 2000కు పైగా మార్పులు గుర్తించారు. అన్నీ జబ్బు తెచ్చేవి కావు. ఐరోపా మూలాలున్న రోగుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఎఫ్508డెల్. మూడు డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోవడంతో 508వ స్థానంలో ఉండవలసిన ఫినైల్ అలనైన్ ఒక్కటే ఉండదు. 1480లో ఒక్కటి. ఆ ఒక్కటి లేకపోవడంతో ప్రొటీన్ సరిగా మడతపడదు. కణం లోపల నాణ్యత చూసే వ్యవస్థ దాన్ని పట్టుకుని, పైకప్పుకు చేరకముందే ముక్కలు చేసేస్తుంది. తప్పించుకుని పొర మీదికి చేరిన కాస్తంత కూడా సరిగా తెరుచుకోదు. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ లోపంతో ఉండాలి. తల్లిదండ్రులిద్దరూ సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. నా దగ్గరికి వచ్చిన ఎందరో తల్లులు మా వంశంలో ఎవరికీ లేదండీ అంటూ కన్నీళ్లు పెట్టుకున్నారు. నిజమే, ఉండకపోవచ్చు. అందులో వాళ్ల తప్పేమీ లేదని మొదటి రోజే స్పష్టంగా చెప్పడం వైద్యుడి పని.

ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన సంగతి ఒకటుంది. 1991లో ప్రతిరక్షకాలతో క్లోమాన్ని పరీక్షించినప్పుడు సీఎఫ్‌టీఆర్ ప్రధానంగా నాళం మొదట్లో ఉన్న కణాల పైకప్పు మీదే కనిపించింది. ఎంజైములు చేసే ఎసినార్ కణాల్లో అది కనిపించలేదు. అయినా చివరికి నాశనమయ్యేది ఎసినార్ కణాలే. వాటి తయారీలో ఏ లోపమూ లేదు. అవి ఎంజైములను మామూలుగానే తయారుచేసి మామూలుగానే వదులుతాయి. వదిలిన చోట నీళ్లు లేవు.

కెవిన్ గాస్కిన్, పీటర్ డ్యూరీ, కోపెల్‌మన్ తదితరులు టొరంటోలో 1980లలో చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని మనుషుల్లోనే చూపించాయి. ఈ రోగుల్లో క్లోమరసం పరిమాణం తగ్గుతుంది, అందులో ప్రొటీన్ గాఢత పెరుగుతుంది. ఇక్కడి నుంచి నష్టం నాలుగు దారుల్లో ఒకేసారి సాగుతుంది. మొదటిది సూటిగా అర్థమవుతుంది. చిక్కబడిన ప్రొటీన్ సన్నటి నాళాల్లో పేరుకుని గట్టి ముద్దగా మారుతుంది. పూడిక తీయని పంట కాలువలో నీటి ఉరవడి తగ్గితే మట్టి అడుగున దిగి, ముందు పిల్లకాలువలు, తర్వాత పెద్ద కాలువ మూసుకుపోవడం మన డెల్టాలో చూస్తాం. క్లోమంలోనూ ముందు మూసుకుపోయేవి అతి చిన్న నాళాలే. రెండోది, బైకార్బొనేట్ లేక నాళంలో ఆమ్ల గుణం పెరుగుతుంది. ఆమ్లంలో ప్రొటీన్లు తేలిగ్గా గడ్డకడతాయి, ట్రిప్సినోజెన్ ముందుగానే ట్రిప్సిన్‌గా మారే అవకాశమూ పెరుగుతుంది.

మూడోది శ్లేష్మం గురించి. శ్లేష్మంలోని మ్యూసిన్ ప్రొటీన్లు కణంలో ఉన్నప్పుడు కాల్షియంతో కట్టి గట్టిగా ముడుచుకుని ఉంటాయి. బయటికి వచ్చాక బైకార్బొనేట్ ఆ కాల్షియంను లాక్కుంటేనే అవి విచ్చుకుని, నీటిని పీల్చి, జారుడుగా మారతాయి. బైకార్బొనేట్ లేకపోతే ముడుచుకునే ఉండి అతుక్కుంటాయి. ఈ వాదాన్ని ముందుకు తెచ్చిన పాల్ క్వింటన్ కాలిఫోర్నియాలో పనిచేసిన శరీరధర్మ శాస్త్రవేత్త. తనకే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. ఈ రోగుల చెమట నాళం క్లోరైడ్‌ను లోపలికి పోనివ్వదని 1983లో చూపించింది కూడా ఆయనే. తన జబ్బు మీద తానే జీవితమంతా పనిచేసి, ఆ జబ్బు మూలాన్ని కనిపెట్టిన ఆ మనిషి అంటే నాకు అపారమైన గౌరవం.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది. ఎసినార్ కణం ఎంజైముల రేణువును బయటికి వదిలినప్పుడు ఆ రేణువు పొర కణం పైకప్పులో కలిసిపోతుంది. ఆ అదనపు పొరను కణం మళ్లీ వెనక్కి లాక్కోవాలి. ఈ పని నాళంలో క్షార గుణం ఉంటేనే సవ్యంగా సాగుతుంది. ఆమ్లం ఉంటే పొర వెనక్కి రాదు. ఎసినార్ కణాల గుత్తి మధ్యలోని ఖాళీ ఉబ్బుతుంది. అంటే పక్క కణం చేయని పని ఫలితం ఎసినార్ కణం సొంత పనిలోకి చొరబడుతుంది.

ఆ తర్వాత జరిగేది లో పవర్‌లోనే కనిపిస్తుంది. మూసుకున్న నాళాలు ఉబ్బి తిత్తులవుతాయి. లోపలి కణాలు పలచబడి చదునవుతాయి. ఎసినార్ కణాలు కుంచించుకుని, చచ్చిపోతాయి. చుట్టూ మౌనంగా పడి ఉన్న స్టెల్లేట్ కణాలు మేల్కొని కొలాజెన్ పోగుచేస్తాయి. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఈ కణాలే విటమిన్ ఎ నిల్వలు దాచుకుంటాయి. కొన్నేళ్లు గడిచాక ఆ పీచు స్థానంలో కొవ్వు చేరుతుంది. బాగా ముదిరిన క్లోమంలో కొవ్వు మధ్య అక్కడక్కడా మిగిలిన ఇన్సులిన్ దీవులు తప్ప ఇంకేమీ కనపడవు.

ఇదంతా ఎప్పుడు మొదలవుతుంది? తల్లి కడుపులోనే, రెండో త్రైమాసికంలోనే. తీవ్రమైన జన్యు మార్పులు (వేరియంట్లు) రెండు ఉన్న బిడ్డ పుట్టేసరికే క్లోమంలో చాలా భాగం దెబ్బతిని ఉంటుంది. నాళాలు మూసుకోవడంతో ట్రిప్సినోజెన్ పేగులోకి పోలేక వెనక్కి రక్తంలోకి కారుతుంది. అందుకే పసికందు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో అది ఎక్కువగా ఉంటుంది. ఈ సంగతిని న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో పనిచేసిన క్రాస్లీ బృందం 1979లో చూపించింది. ఇవాళ ప్రపంచంలో నవజాత శిశువుల్లో ఈ జబ్బుకు చేసే స్క్రీనింగ్ అంతా దాని మీదే నడుస్తోంది. ఏళ్లు గడిచేకొద్దీ కారడానికి కణాలే మిగలక ఆ స్థాయి పడిపోతుంది. రక్తంలో పెరిగిన ఒక పదార్థం తగ్గితే మామూలుగా సంతోషిస్తాం. ఇక్కడ అది క్లోమం అయిపోయిందనడానికి గుర్తు.

ఎలుకల్లో ఇదంతా ఎందుకు కనపడదన్నది చాలాకాలం పరిశోధకులను తికమకపెట్టింది. జన్యువు తీసేసిన ఎలుకలకు క్లోమం దాదాపు బాగానే ఉండేది. వాటి నాళ కణాల్లో క్లోరైడ్‌కు వేరే దారి ఉంది. పైగా ఎలుక రసంలో బైకార్బొనేట్ మనిషిలో ఉన్నంత గాఢంగా ఉండదు. 2008లో అయోవా, మిస్సోరి విశ్వవిద్యాలయాలు కలిసి జన్యువు లేని పందిపిల్లలను పుట్టించాయి. పుట్టినప్పుడే వాటి పేగు మూసుకుని ఉంది, క్లోమం పాడై ఉంది. మన పసికందుల్లో జరిగేదే. పందుల్లో, ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువులో చేసిన పరిశోధన లేకపోతే ఈ జబ్బు గర్భంలో ఎలా నడుస్తుందో మనకు తెలిసేది కాదు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి క్లోమరసం చాలక బయటి నుంచి ఎంజైములు ఇవ్వాల్సి వస్తుంది. మిగిలినవాళ్లలో రెండు ప్రతుల్లో ఒకటైనా కాస్త పనిచేసే వేరియంట్ ఉంటుంది; ఆ కాస్త చాలు, క్లోమం నిలబడుతుంది. కానీ ఆ నిలబడిన క్లోమానికే వాపు, అంటే పాంక్రియాటైటిస్, వచ్చే ప్రమాదం ఎక్కువ. తనను తాను జీర్ణించుకోవడానికి ఎంజైములు మిగిలి ఉన్నది అక్కడే కదా. 1998లో ఇంగ్లండ్, అమెరికాల నుంచి వచ్చిన రెండు పత్రాలు, కారణం తెలియని దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ ఉన్నవాళ్లలో సీఎఫ్‌టీఆర్ మార్పులు ఎక్కువగా ఉన్నాయని చూపించాయి. మన దక్షిణాదిలో రాళ్లతో కూడిన పాంక్రియాటైటిస్ యువతలో బాగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు 2002లో దానికి ట్రిప్సిన్‌ను అదుపుచేసే స్పింక్1 జన్యువులోని మార్పులతో గట్టి సంబంధం ఉందని చూపారు. జన్యువులు వేరైనా, చివరికి క్లోమంలో ట్రిప్సిన్ వేళ కాని వేళ మేల్కోవడమే రెండు చోట్లా జరిగేది.

ఇన్సులిన్ దీవుల గురించి క్లుప్తంగా చెబుతాను. పెద్దవాళ్లయ్యేసరికి ఈ రోగుల్లో 40 నుంచి 50 శాతం మందికి డయాబెటిస్ వస్తుంది. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో సీఎఫ్‌టీఆర్ ఉందా లేదా అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. నాకు నమ్మకంగా తోచేది, చుట్టూ పీచు, మంట, రోగనిరోధక కణాల మధ్య ఆ దీవులు చిక్కిపోవడమే అసలు కారణమన్న వాదన. ఇక్కడ కూడా చచ్చే కణం వేరు, లోపం ఉన్న కణం వేరు.

మన పిల్లల మాట చెప్పాలి. తిన్నది ఒంటికి పట్టదు, మలం జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది, ముద్దు పెట్టుకుంటే చర్మం ఉప్పగా తగులుతుంది, తరచూ దగ్గు. ఇలాంటి బిడ్డను మనం క్షయ అనో, పోషకాహార లోపం అనో ఏళ్లు గడిపేస్తున్నాం. లైపేజ్ మామూలులో పదో వంతుకు పడిపోయాకగానీ మలంలో కొవ్వు పోవడం మొదలవదని 1973లోనే చూపారు. అంటే లక్షణం కనిపించేసరికి గ్రంథిలో చాలాభాగం పోయింది. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, లేదా అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టే. ఆ పరీక్ష మన జిల్లా కేంద్రాల్లో దొరకాలి. ఎంజైము క్యాప్సూళ్లు ప్రతి భోజనంతో ఇవ్వాలి, విటమిన్లు మానకూడదు. అమెరికాలో పుట్టిన తెలుగు బిడ్డకు మొదటి రోజుల్లోనే మడమ రక్తం పరీక్షిస్తారు. అయితే ఆ తర్వాత చూసే జన్యు మార్పుల జాబితాలు చాలావరకు ఐరోపా మూలాల వాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మనవాళ్లలో ఎఫ్508డెల్ వాటా తక్కువ కాబట్టి జాబితా ఖాళీగా వచ్చినా అనుమానం ఉంటే చెమట పరీక్ష చేయించమని అక్కడి మన కుటుంబాలకు చెబుతున్నాను.

2012లో ఐవాకాఫ్టర్, 2019లో మూడు మందుల కలయిక వచ్చాయి. ఐవాకాఫ్టర్ ఆ ప్రొటీన్‌ను తెరిచి ఉంచుతుంది; కలయికలోని మిగతా రెండూ మడతపడని ప్రొటీన్‌ను మడతపెట్టి పైకప్పుకు చేరుస్తాయి. మూడు మందుల కలయికకు విడుదలైనప్పుడు అమెరికాలో పెట్టిన ధర ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైన. మన కుటుంబాలకు అది అందదు, ఇది నన్ను ఎప్పుడూ బాధించే విషయం. పెద్దవాళ్లలో ఈ మందులు ఊపిరితిత్తులను నిలబెడతాయి, కానీ పోయిన క్లోమాన్ని తిరిగి తేలేవు. ఏడాది, రెండేళ్ల పిల్లలకు ఐవాకాఫ్టర్ ఇచ్చినప్పుడు మాత్రం మలంలో క్లోమపు ఎంజైమైన ఎలాస్టేజ్ పెరిగింది. ఇంకా చావని కణాలకు నీళ్లు అందాయన్నమాట. 2019లో అయోవా బృందం గర్భంతో ఉన్న ఫెరెట్లకే ఐవాకాఫ్టర్ ఇచ్చి చూసింది. పుట్టిన పిల్లల్లో క్లోమం కొంతవరకు దెబ్బతినకుండా నిలిచింది. పుట్టాక మందు ఆపితే ఆ క్లోమం మళ్లీ పాడైంది.

మనుషుల్లోనూ అలాంటి బిడ్డ ఒకరి గురించి కొన్నేళ్ల క్రితం వైద్య పత్రికలో వచ్చింది. తల్లికి సిస్టిక్ ఫైబ్రోసిస్. గర్భం పొడుగునా మూడు మందుల కలయిక వాడారు. బిడ్డకూ ఎఫ్508డెల్ రెండు ప్రతులు ఉన్నాయి. పుట్టినప్పుడు రక్తంలో ట్రిప్సినోజెన్ మామూలుగా ఉంది, స్క్రీనింగ్‌లో జబ్బు లేదనే వచ్చింది, క్లోమం పనిచేస్తోంది. అంటే ఆ బిడ్డ ఎసినార్ కణాలకు గర్భంలోనే నీళ్లు చేరాయి. ఇలా పుట్టిన పిల్లలందరూ ఇంకా చిన్నవాళ్లే. వాళ్ల క్లోమం పదిహేనేళ్లకు ఎలా ఉంటుంది, డయాబెటిస్ వస్తుందా, మందు ఎన్నాళ్లు ఆగకుండా ఇవ్వాలి అన్న ప్రశ్నలకు జవాబు ఆ పిల్లలు పెరిగేకొద్దీ వాళ్ల పరీక్షల ఫలితాల్లోనే దొరకాలి.